మా బావ సంతకం పెట్టని ఫారం

మా బావకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇరవై ఆరేళ్ళు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూసిన మనిషి. మీటరు మీద ఒక అంకె, పుస్తకంలో మరో అంకె కనబడితే చాలు, అరికాలి మంట నెత్తికెక్కేది. ఒకసారి వాళ్ళ సూపర్‌వైజరు, మూడు వీధులకు వెళ్ళకుండానే పోయిన నెల అంకెలకు అటూ ఇటుగా ఏదో కలిపి రాసేయమన్నాడట. బావ పుస్తకం తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, "నాకు చూడకుండా రాయడం రాదు సార్. మీకు వస్తే మీరే రాయండి" అన్నాడు. మర్నాటి నుంచి బావకు మెట్ల వీధులు పడ్డాయి. లిఫ్టులు లేని పాత మేడలు, మూడేసి నాలుగేసి అంతస్తులు, ప్రతి అంతస్తులోనూ ఏదో ఒక చీకటి మూల ఒక మీటరు. పదకొండేళ్ళు ఆ మెట్లే ఎక్కాడు, దిగాడు.

"మీ బావకి పొద్దున్నే కోపం రాలేదంటే, ఒళ్ళు వెచ్చబడిందేమోనని నుదురు పట్టుకు చూస్తానురా" అనేది మా అక్క. అందరం నవ్వేవాళ్ళం. ఆయన కోపాన్ని ఇంట్లో కుర్చీలాగా, బీరువాలాగా చూడటం అలవాటైపోయింది. ఆ అలవాటే తర్వాత కొంప ముంచింది. మనిషి నిజంగా ప్రాణం పోతున్నట్టు అరిచినప్పుడు కూడా, ఆయన తీరే అంత అనుకున్నాం. మేము అంటున్నాను గాని, ముందు అనుకున్నది నేను.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. ఇంకొకరి తప్పులు పట్టుకోవడమే నా బతుకు.

బావకు యాభై నాలుగో ఏట మొదలైంది. ఒక మధ్యాహ్నం మూడో అంతస్తు ఎక్కేసరికి రెండు కాళ్ళూ తడి ఇసుక నింపిన సంచుల్లా అయిపోయాయి. నొప్పి లేదు, తిమ్మిరి లేదు, బరువు ఒక్కటే. మెట్టు మీద చతికిలబడ్డాడు. పది నిమిషాలకు మళ్ళీ మామూలు. లేచి మిగతా మీటర్లు చూసుకుని ఇంటికొచ్చాడు. వారానికి మళ్ళీ అదే. నెల తిరిగేసరికి రెండో అంతస్తులోనే ఆగిపోసాగాడు. బావ కదా, మెట్లు లెక్కపెట్టాడు. మీటరు పుస్తకం వెనక పేజీల్లో తేదీ వేసి రాసుకున్నాడు. నలభై రెండో మెట్టు, ముప్ఫై ఎనిమిది, ముప్ఫై ఒకటి. కూర్చున్నాక ఎన్ని నిమిషాలకు తేరుకున్నాడో అది కూడా.

ఆఫీసులో మాత్రం ఆయన మెట్ల మీద కునుకు తీస్తున్నాడని చెప్పుకున్నారు. ఆ సూపర్‌వైజరుకు పండగే అయింది.

కొన్నాళ్ళకు మూత్రం కూడా మొరాయించడం మొదలుపెట్టింది. ఐదు నిమిషాలు నిలబడితే గాని రాదు. ఆ సంగతి అక్కకు చెప్పలేదు, నాకు చెప్పాడు. అప్పుడు నేనే పూనుకుని ఆయన్ని వెన్నుపూసల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. మా ప్రెస్సు యజమాని నడుము బాగు చేసింది ఆయనే. హస్తవాసి మంచిదని పేరు.

"నడుము నొప్పా?" అన్నాడు డాక్టరు, కంప్యూటరులో ఏదో చూసుకుంటూ.

"నొప్పి లేదండి. నడిచిన కొద్దీ కాళ్ళు బరువెక్కుతాయి. కూర్చుంటే పది నిమిషాల్లో..."

"నడుము స్కాన్ తీయించుకుని రా."

స్కాన్ వచ్చింది. కింది పూసల మధ్య ఒక డిస్కు కాస్త పక్కకు జరిగిందట. ఆ వయసులో పదిమందికి స్కాన్ తీస్తే ఆరుగురికి కనబడే సంగతేనని చాలా కాలం తర్వాత తెలిసింది. బెల్టు పెట్టుకోమన్నాడు, మాత్రలు రాశాడు. బావ మీటరు పుస్తకం తెరిచి ఆయన ముందుకు జరిపాడు.

"ఇది ఒక్కసారి చూడండి డాక్టరు గారూ. ఎన్నో మెట్టు దగ్గర ఆగిపోతున్నానో అంతా రాశాను. నెలనెలా తగ్గిపోతోంది."

"అదంతా నాకెందుకయ్యా? నడిస్తే వస్తుంది, కూర్చుంటే పోతుంది అంటున్నావు. కూర్చో మరి."

ఆయన వేసిన జోకుకు ఆయనే నవ్వాడు. పెద్దమనిషి నవ్వాడు కదా అని నేనూ నవ్వాను. బావ డాక్టరు వంక చూడలేదు. నా వంక చూశాడు. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. రోగికి రెండు నిమిషాలకు మించి ఇవ్వడని, ఆ రోజు నుంచి మా బావ నోట ఆ డాక్టరుకు 'రెండు నిమిషాలాయన' అనే పేరు స్థిరపడిపోయింది.

ఎనిమిది నెలలు బెల్టు కట్టుకున్నాడు. పొట్ట చుట్టూ నల్లటి చార పడింది తప్ప ఒరిగింది లేదు. పాదాల్లో మొదలైన మొద్దుబారడం మోకాళ్ళు దాటి బొడ్డు దాకా పాకింది. కర్ర వచ్చింది. ఉద్యోగానికి సెలవు పెట్టాడు. మళ్ళీ వెళితే రెండు నిమిషాలాయన ఈసారి వీపు పైభాగం స్కాన్ తీయించాడు. రిపోర్టులో ఒకే ముక్క: వెన్నుపాములో వాపు ఉంది, కారణం తెలియదు.

"నరాల వాపు. ఐదు రోజులు ఆసుపత్రిలో చేరు. స్టెరాయిడ్ ఎక్కిస్తే దిగిపోతుంది" అన్నాడు.

"ఎందుకొచ్చిందో తెలియదని రాశారు కదండీ. తెలియకుండా మందెలా ఇస్తారు?" అన్నాడు బావ.

డాక్టరు నా వైపు తిరిగి, "మీరు చెప్పండి ఈయనకి" అన్నాడు. చెప్పాను. బయట వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి అరగంట చెప్పాను. చదువుకున్నవాళ్ళకు తెలియదా అన్నాను. అన్నిటికీ అడ్డం తిరిగితే ఎలా అన్నాను. అక్క ముఖం చూడమన్నాను. చివరికి, "సరేలేరా, నీ మాట ఎందుకు కాదనాలి" అని చేరాడు.

మొదటి రోజు కర్ర పట్టుకుని తానే బాత్రూముకు వెళ్ళొచ్చాడు. రెండో రోజు పొద్దున్న సీసా ఎక్కించారు. పదకొండు గంటలకు లేవబోతే కాళ్ళు రాలేదు. దుప్పటి తీసి చూసుకున్నాడు. చేత్తో గిల్లుకున్నాడు. "ఒరేయ్, నా కాళ్ళు ఎక్కడున్నాయో నాకు తెలియట్లేదురా" అన్నాడు. ఆయన గొంతు అంత సన్నగా నేనెప్పుడూ వినలేదు.

డాక్టరు రౌండుకు వచ్చాడు. వెనక నలుగురు.

"మందు పడ్డాకే ఇలా అయింది. నిన్న నడిచాను, ఇవాళ లేదు. ఆపేయండి" అన్నాడు బావ.

"మందు పని చేయడానికి టైం పడుతుంది. నెపం మందు మీద పెట్టకు."

"టైం కాదండి నేను చెప్పేది. పొద్దున్న ఎనిమిదికి కాలు కదిలింది. పదకొండుకి కదల్లేదు. మధ్యలో జరిగింది ఆ సీసా ఒక్కటే."

"నువ్వు డాక్టరువా, నేను డాక్టరునా?"

అప్పుడు అరిచాడు బావ. వార్డంతా వినబడేలా అరిచాడు. పక్క మంచాల వాళ్ళు లేచి కూర్చున్నారు. నర్సు చేతిలో ట్రే పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. ఆపండి, ఆపండి అంటూనే ఉన్నాడు. నేను ఆయన భుజం పట్టుకుని అదిమి, "నోరు మూసుకో బావా. పరువు తీస్తున్నావు" అన్నాను.

ఆయన నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత మూడు రోజులు మూడు సీసాలు ఎక్కించారు. ఆయన కళ్ళు మూసుకుని ఎక్కించుకున్నాడు.

చక్రాల కుర్చీలో ఇంటికి తెచ్చాం. ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితంలో 'రోగి చికిత్సకు సహకరించలేదు, ఆందోళన స్వభావం' అని ఉంది. కాళ్ళు పోయిన సంగతి మాత్రం, 'బలహీనత కొనసాగుతోంది' అని రెండు మాటల్లో తేల్చేశారు. అక్షరం తప్పు పడితే నిద్రపట్టని నేను ఆ కాగితం చదివి మడిచి అక్క చేతిలో పెట్టాను. అక్క రెండుసార్లు చదివింది.

అక్క బట్టల దుకాణంలో ఆల్టరేషన్లు చేస్తుంది. కుట్టు మిషను తెచ్చి ముందు గదిలో ఆయన మంచం పక్కనే వేసుకుంది. రెండు గంటలకొకసారి మిషను ఆపి ఆయన్ని అటు నుంచి ఇటు తిప్పేది, వీపు పుండు పడకుండా. మూత్రానికి గొట్టం పెట్టడం నర్సు దగ్గర నేర్చుకుంది. నాలుగు నెలలు అలా గడిచాయి. బావ ఎవరినీ తిట్టలేదు. అది చూడలేకపోయాం. ఇంట్లో ఒక మోత ఆగిపోయినట్టుండేది.

ఒక పొద్దున్న ఫోను వచ్చింది. అవతల ఎవరో ఒకావిడ, పెద్దాసుపత్రిలో మెదడు, వెన్ను రక్తనాళాల పరిశోధన విభాగం నుంచి మాట్లాడుతున్నానని, "మీరు ఇప్పుడు నడవగలుగుతున్నారా అండీ?" అని అడిగింది.

"నడవడమేమిటి, పరుగెడుతున్నాను. రేపు పందెం ఉంది" అని బావ పెట్టేశాడు.

మళ్ళీ మోగింది. "సార్, మీ స్కాన్ గురించి..."

"ఇంకా ప్రాణం ఉందా లేదా అని కనుక్కుంటున్నారా? ఉంది. రాసుకోండి."

మూడోసారి మోగితే మిషను ఆపి అక్క ఫోను తీసింది. పావుగంట వింది. ఆ ఫోను చేసినావిడ పరిశోధన నర్సు. వాళ్ళ విభాగంలో ఫిల్ములు చదివే డాక్టరమ్మ ఒకావిడ ఉంది. ఊళ్ళోని స్కాన్ సెంటర్లతో మాట్లాడి, అనుమతులు తీసుకుని, 'వెన్నుపాములో వాపు, కారణం తెలియదు' అని రాసిన పాత స్కాన్లన్నీ తెప్పించుకుంది. ఆరు వందల పైచిలుకు. వాటిని ఒక్కొక్కటే మళ్ళీ చూస్తోంది. వాటిలో ఏడుగురిది వాపు జబ్బు కాదని తేలింది. ఆ ఏడుగురిలో మా బావ ఒకడు.

డాక్టరమ్మ గది చిన్నది, కిటికీ లేదు. గోడ నిండా తెరలు. ఆవిడ వయసు నలభై దాటి ఉండదు. మా బావ కుర్చీ పక్కకు తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నడిచిన కొద్దీ ఎక్కువయ్యేదా అండీ? కూర్చుంటే తగ్గేదా?"

బావ ఆవిడ ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు. పదిహేను నెలలుగా ఆయన చెప్పబోయి ఆగిపోయిన మాట ఆవిడ నోటి నుంచి వచ్చింది. జేబులోంచి మీటరు పుస్తకం తీసి ఇచ్చాడు. ఆవిడ ఒక్క పేజీ కూడా వదలకుండా చదివింది. ఆసుపత్రి రోజుల పేజీ దగ్గర ఆగింది. అక్కడ బావ రాసింది ఇంతే: 'రెండో రోజు. 11 గంటలు. సున్నా.' ఆవిడ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

తర్వాత తెర మీద ఫిల్ము చూపించింది. వెన్నుపాము వెనక వైపు పొడుగునా సన్నటి నల్లచుక్కలు, వంకరటింకరగా, చీమలబారులా.

"ఇవి ఉబ్బిపోయిన సిరలు. వెన్నుపాము చుట్టూ ఒక గట్టి పొర ఉంటుంది. ఆ పొరలో ఒక ధమని తిన్నగా వెళ్ళి సిరలో కలిసిపోయింది. అలా కలవకూడదు. ధమనిలో ఒత్తిడి ఎక్కువ, సిర దాన్ని తట్టుకోలేదు."

"మెయిన్ లైను తీసుకెళ్ళి మురుగు పైపులో కలిపేశారన్నమాట" అన్నాడు బావ.

"అంతే. అప్పుడు ఏమవుతుంది?"

"మురుగు వెనక్కి తంతుంది. ఇల్లంతా తడిసిపోతుంది."

"మీ వెన్నుపాము అలా తడిసింది. నడిస్తే ఒత్తిడి పెరుగుతుంది, అందుకే అన్ని మెట్లకి ఆగిపోయేవారు. ఇందులో స్టెరాయిడ్ ఇస్తే కొందరికి ఉన్నట్టుండి కాళ్ళు పడిపోతాయి. ఎందుకన్నది మాకూ పూర్తిగా తెలియదు. తెలిసినవాళ్ళు ఇవ్వరు."

"ఈ చుక్కలు ఆ రోజు తీసిన ఫిల్ములో కూడా ఉన్నాయా?"

"ఇది ఆ రోజు తీసిన ఫిల్మేనండి."

మా అక్క పుట్టి బుద్ధెరిగాక గొంతు పెంచి ఎరగదు. అప్పుడూ పెంచలేదు.

"ఒక మాట అడుగుతానమ్మా. మీరు మా ఆయన్ని వెతికారా, మీ పరిశోధనకి లెక్క వెతుక్కున్నారా?"

"లెక్క కోసమే మొదలుపెట్టాను. అబద్ధం చెప్పను" అంది డాక్టరమ్మ. "ఎంతమందిని ఇలా వదిలేస్తున్నామో తేల్చాలనుకున్నాను."

"ఆయన్ని పిచ్చివాడిలా రాశారు కాగితం మీద" అంది అక్క. "కళ్ళ ముందు చుక్కలు చూడలేనివాళ్ళు ఆయన స్వభావం మాత్రం చూశారు."

అక్క అంత మాట అంటుందని నేననుకోలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పరిశోధనలో చేరడానికి నర్సు ఒక ఫారం తెచ్చింది. పద్నాలుగు పేజీలు. అందరూ చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేస్తారట. మా బావ రెండు రోజులు చదివాడు. మూడో రోజు నర్సును పిలిచాడు.

"జబ్బు ఎప్పుడు మొదలైంది, గడి ఉంది. ఎప్పుడు కనిపెట్టారు, ఉంది. ఏం వైద్యం చేశారు, ఎంత నడుస్తున్నాడు, అన్నీ ఉన్నాయి. కనిపెట్టక ముందు స్టెరాయిడ్ ఎక్కించారా, ఎక్కించాక ఏమైంది, ఆ గడి ఏది?"

నర్సు ఫారం తిరగేసింది. "అది లేదండి. ఈ ఫారం ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నది. మధ్యలో మార్చడానికి ఉండదు."

"అయితే నేనూ ఉండను. అరకొర అంకెల మీద నా సంతకం ఎందుకు?"

డాక్టరమ్మ వచ్చి, సంతకం పెట్టకపోయినా వైద్యం ఆగదని, అది వేరే ఇది వేరే అని చెప్పింది. నాకు మాత్రం భయమేసింది. ఎవరికైనా కోపం వచ్చి వైద్యం వెనక్కి నెడితే? "పంతాలకి ఇదా సమయం బావా? పెట్టేస్తే పోతుంది" అన్నాను.

"ఒకసారి నీ మాట విన్నాను" అన్నాడు.

నేను వెళ్ళి మెట్ల దగ్గర నిలబడ్డాను.

గజ్జల దగ్గర సన్నటి గొట్టం దూర్చి, పక్కటెముకల వెంట ఉండే ధమనులు ఒక్కొక్కటిలో రంగు వదులుతూ మూడు గంటలు వెతికారు. ఎడమవైపు, ఏడో పక్కటెముక దగ్గర దొరికింది. రెండు రోజుల తర్వాత సర్జను వీపు మీద బెత్తెడు కోసి, ఆ కలవకూడని చోట సిరను విడదీసి మూసేశాడు. నాలుగో రోజు కుడికాలి బొటనవేలు కదిలింది. అక్క ఆ వేలిని పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "పట్టుకుంటే ఎలా కదుపుతానే, వదులు" అని విసుక్కున్నాడు బావ. ఆ విసుగు విని నాకు ఏడుపొచ్చింది.

కాళ్ళు కదిలినకొద్దీ కోపం కూడా తిరిగొచ్చింది. వ్యాయామం చేయించే హాల్లో ఆ ఏడుగురిలో ఇంకొకావిడ తగిలింది. బస్సు నడిపే ఆవిడ.

"మీకూ ఎక్కించారా?" అని అడిగాడు బావ.

"మూడు రోజులు. రెండో రోజుకే నడుము కింద తెలియలేదు. చెబితే భయం వల్ల అన్నారు."

"నాది స్వభావం వల్ల అన్నారు."

ఇద్దరూ ఇనుప కమ్మీలు పట్టుకుని అటూ ఇటూ నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఇద్దరూ కలిసి మిగతావాళ్ళను ఆరా తీశారు. ఒకాయన అప్పటికే పోయాడు. మిగిలిన నలుగురిలో ఇద్దరికి అదే కథ. బావ ఆ వివరాలన్నీ తేదీలతో రాసి డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఫారంలో ఆ గడి కలపమని ఆవిడ కమిటీకి అర్జీ పెట్టింది. కమిటీ వాళ్ళు, రోగుల జ్ఞాపకాన్ని నమ్మలేమన్నారు. ఆవిడ మళ్ళీ పెట్టి, ఈసారి రోగిని కూడా వెంట తీసుకొస్తానంది.

పొడుగు బల్ల, తొమ్మిది మంది, అందరి ముందూ నీళ్ళ సీసాలు. నేను కుర్చీ తోసుకుంటూ బావను లోపలికి తీసుకెళ్ళాను. చివర కూర్చున్న పెద్దాయన సౌమ్యంగానే అన్నాడు: "మీ బాధ అర్థమైంది. కానీ ఇది పరిశోధనకి సంబంధించిన విషయం. ఫిర్యాదుల విభాగం వేరే ఉంది."

"నా కాళ్ళు ఏ విభాగం కిందికి వస్తాయండి?" అన్నాడు బావ.

పెద్దాయన నీళ్ళ సీసా మూత తిప్పాడు.

"నేను ఎవర్నీ జైల్లో వేయమనలేదు. మీటరు చూసి అంకె వేయమంటున్నాను. మా జ్ఞాపకం మీద నమ్మకం లేకపోతే మానెయ్యండి, మీ కేసు షీట్లు తీయండి. ఏ రోజు మందు పడిందో మీ నర్సులే రాసి ఉంటారు. ఏ రోజు మూత్రానికి గొట్టం పెట్టారో అదీ రాసి ఉంటారు. రెండూ పక్కపక్కన పెట్టండి. దానికి నేనక్కర్లేదు."

రెండు నెలలు పట్టింది. గడి వచ్చింది. అంతకు ముందు చేరిన పాత రోగులతో కలిపి నలభై ఒక్కమంది కేసు షీట్లు తిరగేశారు. పదహారు మందికి జబ్బు తెలియక ముందే స్టెరాయిడ్ ఎక్కించారు. వాళ్ళలో పదకొండు మందికి రోజుల్లోనే కాళ్ళు ఇంకా దిగజారాయి. ఆ అంకెలు చూసిన రోజున బావ సంతకం పెట్టాడు. నర్సు నవ్వబోయింది గాని ఆయన ముఖం చూసి ఆగిపోయింది. "పదకొండు" అన్నాడు. "ఒక్కొక్కడూ అరిచే ఉంటాడు."

డాక్టరమ్మ ఊళ్ళోని డాక్టర్లకు పంపడానికి ఒక పేజీ హెచ్చరిక రాసింది. అది మా ప్రెస్సులోనే అచ్చయింది. ప్రూఫు నేను చూశాను. 'కొందరు రోగులలో' అని ఉంది. బావకు చూపిస్తే పెన్ను అడిగి, అది కొట్టేసి, 'పదహారు మందిలో పదకొండు మందికి' అని రాశాడు. డాక్టరమ్మ ఒప్పుకుంది.

కుర్చీ పోయి చేతికర్ర వచ్చాక ఒక సోమవారం, "పద, రెండు నిమిషాలాయన దగ్గరికి" అన్నాడు. క్లినిక్కు రెండో అంతస్తులో ఉంది. మెట్లెక్కి చూపిస్తాడేమో అనుకున్నాను. లిఫ్టు దగ్గరకు నడిచాడు. "వాడి కోసం మెట్లెక్కాలా ఏమిటి" అన్నాడు.

పేరు రాయించుకుని, వరసలో కూర్చుని, పిలిచాకే లోపలికి వెళ్ళాం. డాక్టరు ముందు గుర్తుపట్టలేదు. బావ ఆ హెచ్చరిక పేజీని బల్ల మీద పెట్టాడు. చదివాడు. ఈసారి 'మీరు' అన్నాడు.

"ఇది చాలా అరుదైన జబ్బండి. పుస్తకాల్లో చదవడమే తప్ప..."

"అరుదని నాకూ తెలుసు. అది మీరు కనిపెట్టలేదని నేను రాలేదు. రెండో రోజు కాళ్ళు పోయాయని మీకు చెప్పాను. పక్క మంచం వాడికి వినబడింది. వార్డులో అందరికీ వినబడింది. మీకు వినబడిందా లేదా?"

"అప్పటి పరిస్థితుల్లో..."

"వినబడిందా?"

డాక్టరు పేజీని నాలుగు మడతలు పెట్టాడు. "మీరు ఇప్పుడు నడుస్తున్నారు కదా. సంతోషించండి" అన్నాడు.

బావ చెయ్యెత్తుతాడని నేను ముందుకు జరిగాను. ఆయన ఎత్తలేదు. కర్ర మీద బరువు ఆన్చి లేచి, "రోజుకి నాలుగుసార్లు గొట్టం పెట్టుకుని మూత్రం పోస్తున్నాను. ఆ సంతోషం మీకు కూడా చెబుదామని వచ్చాను" అని బయటికొచ్చేశాడు.

బయట రిసెప్షన్ బల్ల మీద అవే పేజీలు ఒక కట్ట పెట్టాం. లిఫ్టు వచ్చేలోపు అక్కడ కూర్చున్న అమ్మాయి కట్టంతా చెత్తబుట్టలో పడేయడం నా కంటబడింది. చెప్పకుండా ఉండాల్సింది, చెప్పాను. బావ వెనక్కి వెళ్ళి, బుట్టలోంచి కట్ట తీసి దులిపి, వెయిటింగ్ హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. వచ్చినవాళ్ళకల్లా ఒకటి ఇచ్చాడు. "నడిస్తే కాళ్ళు బరువెక్కి, కూర్చుంటే తేలికపడుతున్నాయా? అయితే లోపల ఈ మాట గట్టిగా అడగండి" అని చెప్పాడు. క్లినిక్కు మూసేదాకా లేవలేదు. మరుసటి సోమవారం మళ్ళీ వెళ్ళాడు. ఆ పై సోమవారం కాపలావాడు ఆపాడు. అప్పుడు కింద గేటు దగ్గర నిలబడ్డాడు. కాలు నొప్పెడితే అక్క మడత కుర్చీ తెచ్చి వేసింది. మిషను పని కూడా అక్కడికే తెచ్చుకుందామా అని అడిగింది. అక్క జోకు వేస్తోందో నిజంగా అంటోందో నాకు తెలియలేదు.

ఆరో వారంలో డాక్టరమ్మ ఫోను చేసింది. ఆ క్లినిక్కు నుంచి చీటీ పట్టుకుని ఒక రోగి వచ్చాడట. చీటీ మీద, 'స్టెరాయిడ్ ఇవ్వలేదు, దయచేసి చూడగలరు' అని ఉందట. అతనికి అదే జబ్బు, ఇంకా నడుస్తూనే ఉన్నాడు. నేను పొంగిపోయి బావకు చెప్పాను.

"ఒకడా?" అన్నాడు. సోమవారాలు మానలేదు.

ఆపరేషనై ఏడాది నిండిన రోజున పరిశోధన నర్సు ఎప్పటిలాగే ప్రశ్నలు అడిగింది. కర్రతో రెండు వందల గజాలు. మెట్లు కమ్మీ పట్టుకుని ఒక అంతస్తు. పాదాల కింద స్పర్శ లేదు. మూత్రం సంగతి మారలేదు, ఇక మారుతుందనే ఆశ తక్కువని డాక్టరమ్మే దాచకుండా చెప్పింది. ఆఫీసులో ఆయనకు ఫిర్యాదుల గదిలో కుర్చీ ఇచ్చారు. అక్కడికొచ్చి గొడవపడేవాళ్ళ మాట పూర్తిగా వింటాడని, ఆ తర్వాత వాళ్ళకంటే ఎక్కువగా తానే గొడవపడతాడని చెప్పుకుంటారు.

ఆ సాయంత్రం ఇంట్లో ముందు గదిలో ఇద్దరమే ఉన్నాం. ఏడాదిన్నరగా లోపల ఉన్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"ఆ రోజు వార్డులో నేను నిన్ను నోరు మూసుకోమన్నాను బావా."

"అన్నావు."

"చేర్పించింది కూడా నేనే."

"నువ్వే. సీసా ఎక్కించినవాడికి నేను తెలియదురా. నీకు నేను తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. చూడకుండా అంకె వేయనని తెలుసు. నువ్వు కూడా నా మాట కాకుండా వాడి కోటు చూశావు."

నేను క్షమించమని అడగబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. నీ మీద కోపం తగ్గలేదు. తగ్గితే నేనే చెప్తాను, నువ్వు అడగక్కర్లేదు. ఇప్పుడు ఆ చెప్పులు ఇటు జరుపు, ఎక్కడున్నాయో కాలికి తెలియదు."

వంగి, ఒక్కొక్క పాదం పట్టుకుని, వేళ్ళు సరిగ్గా దూరాయో లేదో చూసి తొడిగాను. ఆయన కిందకి చూసుకుని, కర్ర అందుకుని, వీధిలోకి నడిచాడు. నేను రెండడుగులు వెనక నడిచాను.